సోలెన్ సొంత గొంతు: ఒమన్‌లో ఆరు రోజులు

నా మొహం మీలో ఎవరికీ తెలియదు. గొంతు మాత్రం తెలుసు. ఇరవై ఆరేళ్లుగా వేరే భాషల హీరోయిన్లకి తెలుగు చెబుతున్నాను. వాళ్లు నవ్వితే నేను నవ్వాను, వాళ్లు ఏడిస్తే నేను ఏడ్చాను, వాళ్లకి పెళ్లిచూపులైతే సిగ్గుపడింది కూడా నేనే. ఈ పనిలో నన్ను మించినవాళ్లు ఉంటే ఉండొచ్చు, నాకైతే ఇంకా తారసపడలేదు. ఇలా రాస్తే పొగరు అంటారు. అననివ్వండి.

మూడేళ్ల కిందట నా దగ్గరికి ఒక ఫ్రెంచి సిరీస్ వచ్చింది. అందులో లాయరు వేషం వేసిన అమ్మాయి పేరు సోలెన్. ఎనిమిది ఎపిసోడ్లు, చీకటి గదిలో కూర్చుని ఆ అమ్మాయి పెదవులే చూశాను. ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో, అబద్ధం చెప్పేముందు కింది పెదవి ఎలా లోపలికి లాక్కుంటుందో వాళ్లమ్మకైనా తెలుసో లేదో గాని నాకు తెలుసు. సిరీస్ మన దగ్గర బాగా ఆడింది. మా యూసఫ్‌గూడ వీధి చివర ఇస్త్రీ చేసే ఆయన కూడా పనిమానుకుని చూశాడు. ఆ తరువాత పత్రికల్లో ఆమె బొమ్మలు పడటం మొదలైంది. ఫ్రాన్సులో ఇప్పుడు పైకొస్తున్న నటి ఈమే అని రాసేవాళ్లు. ప్రతి బొమ్మా చూసి, మా పిల్ల ఎదుగుతోంది అని మురిసిపోయేదాన్ని. ఆ పిల్లకి నేనున్నట్టు కూడా తెలియదు.

అలాంటిది ఒక చలికాలం కబురొచ్చింది. సోలెన్ కొత్త సినిమా ఒమన్‌లో తీస్తున్నారట. అందులో ఆమె నర్సు. మన కూలీల మధ్య పదేళ్లు పనిచేసి నాలుగు తెలుగు ముక్కలు నేర్చుకున్న నర్సు. సినిమా అంతా ఒక్క సీను మీద నిలబడింది. ఒక కూలీ చనిపోతాడు. మంచం మీద అతని ఫోను మోగుతుంది. చేసింది ఊర్నుంచి భార్య. గదిలో ఎవరూ ఎత్తరు. నర్సు ఎత్తి, తెలుగులో సంగతి చెప్పాలి. ఆ తెలుగు రాసి, నేర్పి పెట్టడానికి నేను రావాలి.

అడిగించుకోకుండా ఒప్పేసుకున్నాను.

అజైబా, మొదటి రోజు

మస్కట్‌లో అజైబా అనే పేటలో మాకు బస. ఊరంతా తెలుపు. ఎవరో ఒకే సున్నం కుండతో ఒకే పూట వేసేసినట్టు ఉంటుంది. మన దగ్గర పక్కింటివాడు ఆకుపచ్చ వేస్తే మనం గులాబీ రంగు వేస్తాం కదా, ఆ పోటీ ఇక్కడ లేదు.

విమానాశ్రయంలో నన్ను ఎక్కించుకున్న డ్రైవరు మహబూబ్ బాషా, కడప మనిషి, పద్దెనిమిదేళ్లుగా అక్కడే ఉంటున్నాడు. నేను నోరు తెరిచి "సామాను రెండే" అన్నానో లేదో, అద్దంలోంచి అనుమానంగా చూశాడు.

"మేడమ్, మిమ్మల్ని యాడనో చూసినట్టుండాది."

"చూసుండరు. విని ఉంటారు" అని, ఒక సిరీస్‌లో పొగరుబోతు కోడలి డైలాగు ఒకటి వదిలాను.

బాషా కారు పక్కకి తీసి ఆపేశాడు. "అబ్బా! మా ఇంట్లో ఆడోళ్లు చూస్తాంటే రోజూ ఇదే గొంతు మేడమ్! ఆ యమ్మి మొహం ఒకటి, గొంతు మీదా? ఇన్నేండ్లూ మోసపోతిమి గదా!" అన్నాడు.

ఆ మాటని నేను పొగడ్తగానే తీసుకున్నాను.

కారు ఎటూ ఆపాడు కనుక ఎదురుగా ఉన్న కొట్టు ముందు హారన్ కొట్టాడు. లోపల్నుంచి మనిషి పరిగెత్తుకొచ్చి కారు కిటికీ దగ్గర ఆర్డరు తీసుకున్నాడు. మన టీ కొట్టు ముందు అలా హారన్ కొడితే టీ రాదు, తగువు వస్తుంది. కాగితం కప్పులో కరక్ చాయ్, యాలకులతో చిక్కగా, రెండొందల బైసాలు. మన డబ్బుల్లో నలభై రూపాయల పైచిలుకు. పరోటాలో చీజు రాసి, చిప్స్ నలిపి, చుట్టి ఇచ్చారు. వినటానికి తిక్కగా ఉంది గాని తింటే రెండోది అడుగుతారు. నేను అడిగాను.

సోలెన్ ఉన్న ఫ్లాటుకి వెళ్తే తలుపు తీసింది ఆమే. చెప్పుల్లేవు, చేతిలో అదే చిప్స్ పరోటా. తెర మీద కన్నా పొట్టి. మా ఇద్దరిదీ వచ్చీరాని ఇంగ్లీషు, నేనిక్కడ తెలుగులో రాస్తున్నాను.

"నా తెలుగు గొంతు మీరేనా?"

"నేనే. వింటావా?" అని, సిరీస్ ఆఖరి ఎపిసోడ్లో కోర్టులో ఆమె చెప్పిన మాటల్ని తెలుగులో చెప్పాను. కళ్లు మూసుకుని విన్నది. ఎవరైనా అక్కడ చప్పట్లు కొడతారు. ఈ పిల్ల కొట్టలేదు.

"చాలా బాగుంది. నాకు భయమేస్తోంది" అంది.

ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. నా ప్రతిభ చూసి జడుసుకుందనుకున్నాను.

అజైబా, రెండో రోజు

డైలాగు ముందే రాసుకుని వెళ్లాను. "అమ్మా, గుండె దిటవు చేసుకోండి. మీవారు మనందరినీ విడిచి వెళ్లిపోయారు. ఆఖరి నిమిషంలో కూడా మీ పేరే తలుచుకున్నారు." ఇలా ఎనిమిది వాక్యాలు, మెట్టు మెట్టుగా గొంతు పెంచుకుంటూ పోయి చివర్న పగిలేలా. ఇలాంటివి నేను ఎన్ని చెప్పానో. ఎక్కడ ఏడుపు తీయాలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

నేర్పే పద్ధతి మాది మాకుంటుంది. బల్ల మీద వేళ్లతో మాట మాటకీ దెబ్బ వేస్తూ పోవాలి. నోరు కదిలినంతసేపూ మాట ఉండాలి, ఖాళీ ఉండకూడదు. డబ్బింగులో ఖాళీ వచ్చిందంటే ఆర్టిస్టు నిద్రపోయిందని అర్థం. సోలెన్ కూడా బల్ల మీద వేళ్లు వేసింది. ఆ పిల్ల జ్ఞాపకశక్తికి దండం పెట్టాలి. మధ్యాహ్నానికి ఎనిమిది వాక్యాలూ వచ్చేశాయి. "ళ" దగ్గర మాత్రం నాలుక మొరాయించింది.

సాయంత్రం ప్రొడక్షన్ మేనేజరు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ గడియారం చూసుకునే మనిషి.

"మేడం, మీరు కూడా ఈ డైలాగు ఒకసారి రికార్డు చేసి ఇవ్వండి. జాగ్రత్త కోసం. సోలెన్‌ది కుదరకపోతే మీది వేసేస్తాం."

సోలెన్ కిటికీ వైపు తిరిగింది. నేనేమో లోపల ఎగిరి గంతేశాను. నా గొంతు తెలుగు వెర్షన్లో కాదు, అసలు ఫ్రెంచి సినిమాలోనే! బయటి చప్పుడు రాకుండా దుప్పట్లు కట్టిన గదిలో నిలబడి, ఒక్క టేకులో ఇచ్చాను. రికార్డు చేసిన ఫ్రెంచి అబ్బాయికి ఒక్క ముక్క తెలుగు రాదు, అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను: ఆ పూట ఆ పిల్లది కుదరకపోతే బాగుండునని ఒక మూల నాకు అనిపించింది.

ఖబూరా

మూడో రోజు, నాలుగో రోజు బాతినా తీరంలో, ఖబూరా అనే చిన్న ఊళ్లో. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క నిమ్మ, ఖర్జూరం తోటలు. మా సొంతూరు బాపట్లకి ఖర్జూరపు చెట్లు మొలిస్తే ఇలాగే ఉంటుంది.

తోట యజమాని మమ్మల్ని కూర్చోబెట్టి ఖర్జూరాలు, హల్వా, కాఫీ పెట్టించాడు. హల్వా జిగురుగా, కుంకుమపువ్వు వాసనతో, వేళ్లకి అంటుకుంటే వదలదు. కాఫీ మాత్రం చేదు, పాలు లేవు, గుక్కెడు గిన్నెలో పోస్తారు. తాగి గిన్నె ఇచ్చాను. మళ్లీ పోశాడు. మర్యాద కదా అని తాగాను. మళ్లీ పోశాడు. "చాలు" అని చేయి అడ్డం పెట్టాను, మన విస్తరి మీద పెట్టినట్టు. ఆయన నవ్వి, చేయి పక్కకి జరగ్గానే మళ్లీ పోశాడు. ఏడో గిన్నెకి నా గుండె దడదడలాడుతుంటే బాషా దూరం నుంచి అరిచాడు.

"మేడమ్, గిన్నె అట్లా ఊపి ఇయ్యల్ల! ఊపకుంటే పొద్దుమునిగేదాకా పోస్తానే ఉంటారు!"

ఊపాను. వెంటనే మానేశాడు. మాటలు అక్కర్లేకుండా ఎంత శుభ్రంగా తేలిపోయిందో చూడండి. మన పెళ్లిళ్లలో వడ్డించేవాళ్లకి ఎవరైనా ఇది నేర్పితే బాగుండును.

మర్నాడు ఉదయం షూటింగుకి ముందు సోలెన్ కనపడలేదు. వెతుక్కుంటూ ఒడ్డుకి వెళ్తే పడవల దగ్గర గొంతుక్కూర్చుని, ఒక ముసలి జాలరితో కలిసి చిన్న చేపలు బాగుచేస్తోంది. బొటనవేలితో తల తీసి, అదే ఊపులో పేగు లాగేస్తోంది. అది ఒక్క రోజులో వచ్చే విద్య కాదు. ఆ జాలరికి ఫ్రెంచి రాదు, ఈమెకి అరబ్బీ రాదు, అయినా ఇద్దరూ ఎవరి భాషలో వాళ్లు మాట్లాడేసుకుంటున్నారు. ఆమె గొంతు విని ఆగిపోయాను. బొంగురుగా, కొంచెం ముక్కుతో, మాట చివర సాగదీస్తూ ఉంది. ఎనిమిది ఎపిసోడ్లలో ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

నన్ను చూడగానే మామూలు గొంతుకి వచ్చేసింది.

"అదెవరిది?" అన్నాను.

చేతులు సముద్రంలో కడుక్కుని, పడవ అంచు మీద కూర్చుని చెప్పింది. వాళ్లది ఫ్రాన్సు దక్షిణాన చిన్న రేవు. అమ్మానాన్నలు చేపలు అమ్ముతారు. పంతొమ్మిదేళ్లప్పుడు చేపల బల్ల వెనక నిలబడి ఉంటే ఒక డైరెక్టరు చూసి సినిమాలోకి తీసుకున్నాడు. మొదటి ఆటకి ఊరు ఊరంతా వెళ్లింది. తెర మీద ఆమె నోరు తెరిచింది. వేరే అమ్మాయి గొంతు వచ్చింది. ఆమె యాస పల్లెటూరిదని, ఆమెకి ముందుగా ఒక మాటైనా చెప్పకుండా పారిస్ పిల్లతో చెప్పించేశారు.

"మా నాయనమ్మ హాల్లో గట్టిగా అడిగింది, ఎవరిదీ గొంతు అని. ఆ సినిమాతోనే నాకు పేరొచ్చింది. అందరూ మెచ్చుకుంటుంటే నాయనమ్మ మాత్రం నా వంక అదోలా చూసేది."

ఆ తరువాత ఒక టీచరుని పెట్టుకుని, ఉన్న యాసని గోకి గోకి వదిలించుకుందట. నేను విన్నది ఆ నేర్చుకున్న గొంతే. ఈ సినిమాకి సంతకం పెట్టేముందు ఒకే ఒక్క కోరిక కోరింది: ఫోను సీనులో తన గొంతే ఉండాలని. నిర్మాతలు ఒప్పుకోలేదు. చివరి రోజు తీశాక రెండూ విని, ఎవరిది ఉంచాలో ఈ సినిమా డైరెక్టరమ్మ తేలుస్తుందన్నారు.

"ఈసారి కూడా తీసేస్తే, ఇక నేను మొహం మాత్రమే. జీవితమంతా" అంది.

 ఆ పారిస్ పిల్లని మనసులో తిట్టుకుందామంటే, ఆ పిల్లా నా వృత్తిదే. నేను ఎంతమందికి అలా చేశానో ఎప్పుడూ ఆలోచించలేదు. అయినా నా ట్రాకు బాగుందన్న సంగతి మాత్రం మనసు వదల్లేదు. మనిషి మనసు అంత తొందరగా బాగుపడదు.

ఖురియాత్, అయిదో రోజు

మస్కట్ దాటి ఇంకో వైపు కొండల్లోంచి దిగితే ఖురియాత్. ఎండిన కొండలు, ఒక్క గడ్డి పరక ఉండదు, ఉన్నట్టుండి నీలంగా సముద్రం. చేపల ఊరు. సీను తీసేది అక్కడ కూలీలు ఉండే నిజమైన రూములోనే. ఎనిమిది మంచాలు, మేకులకి చొక్కాలు, మూలన గ్యాసు పొయ్యి. నటించేది కూడా అందులో ఉండేవాళ్లే. ఎక్కువమంది జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్లు, కట్టడం పనుల్లో ఉన్నవాళ్లు.

వాళ్లలో పెద్దాయన గంగారాం. మెట్‌పల్లి దగ్గరి పల్లె. సైట్‌లో స్కాఫోల్డింగ్, అదే ఇనప గొట్టాల పరంజా, కడతాడు. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే నమస్కారం కూడా పెట్టకుండా, "తిన్నరా మేడం?" అని అడిగాడు. వెనక వచ్చిన డైరెక్టరమ్మని కూడా అదే అడిగాడు. అరవై ఏళ్ల ఆవిడ, ఏమంటున్నాడని నన్నడిగింది. అది మా పలకరింపు అని చెప్పాను.

తినలేదంటే ఒప్పుకోలేదు. కింద కాగితం పరిచి, అన్నం, చింతపులుసు పోసి వండిన చేపల కూర పెట్టాడు. మా కోస్తాలో కారం తక్కువని కాదు గాని, ఆయన చేతిది ఇంకో మెట్టు పైన ఉంది. సోలెన్‌కి కళ్ల నీళ్లు కారుతున్నాయి, ముక్కు తుడుచుకుంటూనే మళ్లీ వేయించుకుంది.

"గీ పోరి మనింటి మనిషి తీరుగనే తింటాంది" అన్నాడు గంగారాం. ఆ మాట చెబితే సోలెన్ ఆ రోజంతా మురిసింది.

ఖురియాత్, ఆరో రోజు

శుక్రవారం, వాళ్లకి డ్యూటీ లేదు. ఉదయం రిహార్సలు. మంచాల మీద మనవాళ్లు కూర్చున్నారు. సోలెన్ ఫోను ఎత్తింది. నేను నేర్పినట్టే మొదలుపెట్టింది, మెట్టు మెట్టుగా పెంచింది, ఒక్క చోట తడబడలేదు. "మీవారు మనందరినీ విడిచి వెళ్లిపోయారు." గుమ్మం పక్కన నిలబడి నేను వేళ్లతో గోడ మీద దెబ్బలు వేస్తున్నాను. నా శిష్యురాలు దులిపేస్తోంది.

మూల మంచం మీద కూర్చున్న ఒకతను లేచి బయటికి వెళ్లిపోయాడు. మిగతావాళ్లు నేల చూస్తున్నారు. మేనేజరు గడియారం చూసుకుని, అతన్ని పిలవమని అరిచాడు.

గంగారాం లేచి నా దగ్గరికి వచ్చాడు.

"మేడం, ఒక్క మాట. కోపానికి రావద్దు. గిట్ల ఎవ్వలు చెప్పరు."

నిజంగానే కోపం వచ్చింది. ఇరవై ఆరేళ్ల సర్వీసు నాది. గొట్టాలు బిగించే మనిషి నాకు డైలాగు దిద్దుతాడా అనుకున్నాను. "ఎందుకు చెప్పరు? ఇంకెలా చెబుతారు?" అన్నాను కటువుగానే.

"ఇప్పుడు పోయిండే, వాని తమ్ముడు పోయిన ఏడు పోయిండు. ఇంటికి ఫోన్ చేసింది నేనే. మా రూమ్‌ల గాని, పక్క కంపెనీల గాని ఎవలన్న పోతే నన్నే పిలుస్తరు. నేను సీదా చెప్ప. ముందుగాల తిన్నవా అని అడుగుత. తిన్న అంటే, ఏం కూర చేసినవ్ అంట. ఇంట్ల ఎవలున్నరు, ఫోన్ వాళ్లకియ్యి అంట. పేరు తియ్య. తినలేదనుకో, తిను అక్కా, మల్ల చేస్త అని పెట్టేస్త. గంటకు మల్ల చేస్త."

"ఆ గంటలో ఏమవుతుంది?"

"బువ్వ తింటది" అన్నాడు. "ఒక్కసారి చెవుల వడ్డంక మూడు దినాలు ముద్ద దిగది మేడం. గా ఒక్క పూట బువ్వన్న కడుపుల ఉండాలె గద."

మళ్లీ తనే అన్నాడు. "మొదటి తాప నాకు తెల్వకుండె. సీదా చెప్పేసిన. గామె అప్పుడే అన్నం వండి దించిందట. గా అన్నం గట్లనే పాశిపోయింది. దినాలయ్యేదాక ఏం తినలేదని నాకు తర్వాత తెలిసింది. అప్పటిసంది అందరిని అడుగుతున్న."

నిన్న గుమ్మంలో నన్ను అడిగింది గుర్తొచ్చింది. నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఎన్నో చావులకి గొంతు పగలగొట్టి ఏడ్చాను, అవతల వింటున్న మనిషి అన్నం తిన్నదో లేదో ఒక్కసారి అనుకోలేదు. సిగ్గేసింది.

ఆయన మాటలన్నీ ఇంగ్లీషులో చెప్పాను. సోలెన్ లేచి వెళ్లి గంగారాం ముందు కింద కూర్చుంది. "ఎలా మాట్లాడతారో చూపించమను" అంది.

గంగారాం తన ఫోను ఆపేసి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. "తిన్నవా అక్కా?" అని ఆగాడు. అవతల నిజంగా మనిషి ఉన్నట్టు తలూపాడు. "ఏం కూర చేసినవ్?" మళ్లీ ఆగాడు. ఒక్క మాటలోనూ బరువు లేదు, ఏడుపు లేదు. ఆ ఆగిన చోట్లే వినలేకపోయాను. సోలెన్ కళ్లార్పకుండా ఆయన పెదవుల్నే చూస్తోంది, ఒకప్పుడు నేను ఆమెవి చూసినట్టు.

డైరెక్టరమ్మ నా ఎనిమిది వాక్యాలున్న కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. కొత్తగా నాలుగు మాటలే: తిన్నవా అక్కా, ఏం కూర చేసినవ్, ఇంట్ల ఎవలున్నరు, ఫోన్ వాళ్లకియ్యి. గంటలో నేర్పాను. ఈసారి బల్ల మీద వేళ్లు వేయలేదు.

అవతల భార్య గొంతు కావాలి కదా. పక్క గదిలో ఫోను పట్టుకుని నన్ను నిలబెట్టారు. నా మాటలు ఎవరూ రాయలేదు. "తిన్నాను అనండి చాలు, తరువాత మీకు తోచింది అనండి" అన్నారు. తలుపు సందులోంచి సోలెన్ కనపడుతోంది. అక్కడ పదకొండున్నర. మన దగ్గర ఒంటిగంట, అన్నాల వేళ.

నేను చేశాను. లోపల ఫోను చాలాసేపు మోగింది. ఎత్తింది.

"తిన్నవా అక్కా?"

నేను "తిన్న" అనాలి. ఎందుకో తెలియదు, నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఇంకా లేదు."

ఆ మాట వదిలాకే ఏం చేశానో తెలిసింది. ఆ పిల్లకి నేర్పింది నాలుగు మాటలు. నా జవాబు తెలుగులో అర్థం చేసుకోకుండా చిలకలా తరువాతి మాట అనేస్తే సీను పోయినట్టే, ఆమె గొంతు పోయినట్టే, దుప్పట్ల గదిలో నేనిచ్చిన ట్రాకు సిద్ధంగా ఉంది. పరీక్ష పెట్టాలని అన్నానా, పొరపాటున అన్నానా, లోపల మిగిలిన ఆశే అలా అనిపించిందా, ఇప్పటికీ తేల్చుకోలేదు.

 సోలెన్ ఫోను చెవికి ఇంకొంచెం నొక్కుకుంది. గంగారాం వైపు ఒకసారి చూసింది.

"తిను అక్కా. మల్ల చేస్త" అంది.

ఆ మాట నేను నేర్పలేదు. గంగారాం నాతో అన్నప్పుడు విని పెట్టుకున్నది. అన్నది కూడా లాయరమ్మ గొంతుతో కాదు. ఖబూరా ఒడ్డున చేపలు బాగుచేస్తూ మాట్లాడిన గొంతు, బొంగురుగా, చివర సాగదీస్తూ. వాళ్ల నాయనమ్మ వింటే మనవరాలే అని గుర్తుపట్టి ఉండేది.

ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. డైరెక్టరమ్మ ఆపమనలేదు. మనవాళ్లు ఎవరూ కదల్లేదు. పొయ్యి మీద ఏదో మరుగుతుంటే గంగారాం లేచి, చప్పుడు కాకుండా మంట తగ్గించి వచ్చి కూర్చున్నాడు. ఎవరూ చెప్పలేదు ఆయనకి. ఎక్కడో ఊళ్లో ఒక ఆడమనిషి కంచం ముందు కూర్చుని తింటున్నంతసేపూ అందరం ఆగాం. ఎంతసేపో నేను చెప్పలేను.

డైరెక్టరమ్మ నాకు చేయి ఊపింది. మళ్లీ చేశాను.

"తిన్నవా అక్కా?"

"తిన్న."

"ఇంట్ల ఎవలున్నరు? ఫోన్ వాళ్లకియ్యి."

ఇవ్వడానికి పక్కన ఎవరూ లేరు. ఫోను పట్టుకుని గోడకి ఆనుకుని ఏడ్చాను. ఈసారి మైకు కోసం కాదు.

తరువాత మేనేజరు వచ్చి అడిగాడు, "మేడం, మీ ట్రాకు కూడా పెట్టి చూద్దామా?"

"అది తుడిచేయండి. అందులో ఆ ఇల్లాలిని ఎవరూ తిన్నావా అని అడగలేదు" అన్నాను. అతను డైరెక్టరమ్మ వైపు చూశాడు. ఆవిడ తల ఊపింది.

సోలెన్ వచ్చి నా పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. "ఎందుకు లేదన్నారు?" అంది. తెలియదన్నాను. "మంచిదే అయింది" అని నా చేయి పట్టుకుంది. చేతికి నిన్నటి చేపల కూర వాసన ఇంకా ఉంది.

బయల్దేరేటప్పుడు బాషా సామాను ఎక్కిస్తుంటే గంగారాం కారు దాకా వచ్చాడు. ఏమడుగుతాడో తెలిసి ముందే చెప్పాను. "తిన్నానండీ."

"మంచిది మేడం" అన్నాడు నవ్వి.

తిరిగొచ్చాక

పోయిన నెల ఆ సినిమా తెలుగుకి వచ్చింది. సోలెన్‌కి చెప్పడానికి ఎప్పటిలాగే నన్నే పిలిచారు. నాలుగు రోజులు చెప్పాను. లాయరమ్మకి చెప్పినంత బాగానే చెప్పాను, అందులో అనుమానం లేదు. ఫోను సీను వచ్చింది. ఆ సీనులో ఉన్నది తెలుగే. దాన్ని ముట్టుకోవద్దని, ఆ అమ్మాయి గొంతే ఉంచమని చెప్పి హెడ్‌ఫోను తీసేశాను.

సౌండ్ ఇంజనీరు కంగారుపడ్డాడు. "అదెలా మేడం? గొంతు మారిపోద్ది. అప్పటిదాకా చెప్పింది వేరేవాళ్లని హాల్లో అందరూ పట్టేస్తారు."

ఇరవై ఆరేళ్లుగా నేను ఎవరికీ దొరకలేదు. దొరక్కపోవటమే నా పనితనం.

"పట్టేయనీ నాన్నా" అన్నాను.

తెర మీద సోలెన్ ఫోను ఎత్తింది. తన గొంతుతో నన్ను అడిగింది. నేను నోరు మూసుకుని విన్నాను.